జబ్బు చేపకా, నీటికా?

బంగారు చేపను ఇంటికి తెచ్చిన దినము పిల్లలకు పండుగ. గాజుతొట్టి అడుగున రంగురాళ్లు పఱచి, నీరు నింపి, చేపను అందులో వదలి, చుట్టును చేరి చూతురు. నాలుగు దినములు అది ఉల్లాసముగా ఈదును. పిమ్మట ఒకనాడు మూలకు చేరి, రెక్కలు ముడుచుకొని, నీటిపైకి వచ్చి నోరు తెఱచుచు మూయుచు గాలికై అల్లాడును. వేసిన మేతను ముట్టదు.

అప్పుడు ఇంటివారు తలకొక ఉపాయము చెప్పుదురు. ఆకలి కాబోలునని ఒకరు మఱింత మేత వేయుదురు. ఒకరు అంగడికి పరుగెత్తి మందుసీసా తెత్తురు. ఇంకొకరు నీరంతయు పాఱబోసి, తొట్టిని సబ్బుతో తోమి, కుళాయినీరు పట్టుదురు. ఈ మూడు పనులును ప్రేమతో చేయునవే. అయినను పెక్కుసారులు చేప ప్రాణము తీయునవి ఈ మూడే. కారణము తెలియని ప్రేమ ఇట్లే కీడు చేయును.

బంగారు చేప స్వభావముచే అల్పాయువు గల ప్రాణి కాదు. దాని జన్మస్థానము చైనా. అచటి నీళ్లలో తిరుగు బూడిదవన్నె చేపలలో అరుదుగా పుట్టిన పసుపు, ఎఱుపు వన్నెల పిల్లలను ఎంచుకొని, సుమారు వేయి సంవత్సరములనాడే చైనీయులు కొలనులలో పెంచ నారంభించిరి. అచటినుండి అది జపానుకును, 17వ శతాబ్దమున ఐరోపాకును చేరెను. మన చెఱువులలోని బొచ్చె, శీలావతి చేపలు దీనికి దూరపు బంధువులు. చక్కగా పోషించినచో ఇది పది పదునైదు ఏండ్లు బ్రదుకును. ఇంగ్లండులో 1956లో ఒక సంతలో బహుమానముగా లభించిన బంగారు చేప 1999 వఱకు, అనగా 43 ఏండ్లు, జీవించెను. ఇట్టి ప్రాణి క్రొత్త తొట్టిలో పదిదినములకే కూలుటకు కారణమేమి?

చేప ఏ నీటిలో ఊపిరి పీల్చునో ఆ నీటిలోనే తన మలినమును విడుచును. దాని దేహమున పుట్టు అమోనియా అను విషము మొప్పల ద్వారా నీటిలో కలియును. తినక మిగిలిన మేత కుళ్లినను అమోనియాయే పుట్టును. పాఱు నదిలో ఇది కొట్టుకొనిపోవును. పెద్ద చెఱువులో పలుచబడును. తొట్టిలో మాత్రము నిలిచి పెరుగును. అమోనియాకు రంగు లేదు. కావున అద్దమువలె తేటగా కనబడు నీరును విషమై యుండవచ్చును. ఆ విషము మొప్పలను కాల్చును. ఊపిరియాడక చేప పైకి వచ్చును. చూచువారు దానిని ఆకలి యనుకొందురు!

ప్రకృతిలో ఈ విషమునకు విఱుగుడు కలదు. రెండు తెగల సూక్ష్మజీవులు ఆ పని చేయుచున్నవి. మొదటి తెగ అమోనియాను నైట్రైటుగా మార్చును. నైట్రైటును విషమే; అది రక్తమున చేరి, ప్రాణవాయువును మోయు శక్తిని తగ్గించును. రెండవ తెగ నైట్రైటును నైట్రేటుగా మార్చును. నైట్రేటు మితముగా ఉన్నచో హాని అల్పము. నీటిమొక్కలకు అది ఆహారము. నేలలో ఇట్టి మార్పు చేయు సూక్ష్మజీవులను గూర్చి రష్యా శాస్త్రజ్ఞుడు సెర్గీ వినోగ్రాడ్‌స్కీ 1890 ప్రాంతమున చేసిన పరిశోధనలు ప్రసిద్ధములు.

ఈ మేలు చేయు జీవులు తొట్టిలోని రాళ్లపైనను, నీటిని వడకట్టు ఫిల్టరు స్పంజిలోను కాపురముండును. క్రొత్త తొట్టిలో ఇవి ఉండవు. అవి కావలసినంతగా పెరుగుటకు సాధారణముగా నాలుగు మొదలు ఆఱు వారములు పట్టును. అంతవఱకు విషము పుట్టునే గాని విఱుగదు. క్రొత్త చేప క్రొత్త తొట్టిలో జబ్బుపడుటలోని రహస్యమిదియే. తొట్టిని సబ్బుతో తోమి, స్పంజిని కుళాయి క్రింద పిండువారు ఈ సహాయకులనే చంపుచున్నారు.

కావున జబ్బుపడిన చేపను చూడగనే మొదట నీటిని పరీక్షింపవలెను. నీటిలో అమోనియా, నైట్రైటు ఎంత ఉన్నవో తెలుపు మందుచుక్కలు అలంకార చేపల అంగళ్లలో దొరకును. ఆ రెండును ఏమాత్రమును లేనిదే మంచి నీరు.

పిమ్మట మేత ఆపవలెను. బంగారు చేపకు మనకువలె జీర్ణకోశము లేదు. తిన్నది నేరుగా ప్రేగులోనికి పోవును. ఒకటి రెండు దినములు మేత లేకున్నను దానికి హాని లేదు.

తరువాత తొట్టినీటిలో నాలుగవ వంతు మొదలు మూడవ వంతు వఱకు తీసి, అంత మంచినీరు పోయవలెను. అవసరమైనచో ప్రతిదినము ఇట్లే చేయవలెను. పోయు నీటి వేడిమి తొట్టినీటితో సమానముగా ఉండవలెను. నీటిసరఫరావారు క్రిములను చంపుటకై కుళాయినీటిలో కలుపు క్లోరిను చేప మొప్పలకును, మేలు చేయు సూక్ష్మజీవులకును కూడ శత్రువే. వెడల్పు మూతిగల పాత్రలో ఒక దినము నిలువయుంచిన నీటినుండి క్లోరిను చాలవఱకు పోవును. కొన్ని ఊళ్లలో కలుపు క్లోరమిను అట్లు పోదు. దానికి తగిన మందు కలిపి గాని ఆ నీరు వాడరాదు. స్పంజి కడుగవలసి వచ్చినచో తొట్టినుండి తీసిన నీటిలోనే మెల్లగా జాడింపవలెను.

గాలి పంపు ఎడతెగక నడువవలెను. నీరు వేడెక్కినకొలది దానిలో కరగియుండు ప్రాణవాయువు తగ్గును. 20 డిగ్రీల సెంటిగ్రేడు వద్ద లీటరునీటిలో సుమారు 9 మిల్లీగ్రాములు కరగగా, 30 డిగ్రీల వద్ద ఏడున్నర మాత్రమే కరగును. కావున వేసవిలో తొట్టిని ఎండ తగలని చోట ఉంచవలెను.

ఇట్లు చేయగా పెక్కు చేపలు తేఱుకొనును. కొన్నిటికి నిజమైన అంటుజబ్బు ఉండవచ్చును. వానిలో తఱచుగా కనబడునది తెల్లమచ్చల జబ్బు. ఒడలిపై ఉప్పు చల్లినట్లు మచ్చలు లేచును. చేప రాళ్లకు ఒరసికొనును. ఆ మచ్చలు చర్మము క్రింద దాగిన పరాన్నజీవులు. అవి పెరిగిన పిదప చేపను విడిచి, తొట్టి అడుగున గూడు కట్టుకొని, వందలకొలది పిల్లలుగా చీలును. ఆ పిల్లలు ఈదుచు చేపను వెదకును. మందు ఈదులాడు పిల్లలనే చంపును. చర్మము క్రింద ఉన్నవానిని, గూటిలో ఉన్నవానిని చంపజాలదు. అందుచే మచ్చలు మాయమైనవని నడుమ మందు మానరాదు; చెప్పిన దినములన్నియు వాడవలెను. మొప్పకప్పులపై మాత్రమే వరుసగా లేచు తెల్లని చుక్కలు మగచేపకు ఈడు వచ్చిన గుర్తు. అది జబ్బు కాదు.

వచ్చిన జబ్బును మాన్పుటకంటె రాకుండ చూచుట మేలు. అంగడినుండి తెచ్చిన సంచిని ముడి విప్పకుండ పదునైదు నిమిషములు తొట్టినీటిపై తేల్చి, పిమ్మట చేపను చిన్నవలతో ఎత్తి తొట్టిలో వదలవలెను. సంచినీటిని తొట్టిలో పోయరాదు. తొట్టిలో పాత చేపలు ఉన్నచో, క్రొత్తదానిని రెండు మూడు వారములు వేఱు తొట్టిలో ఉంచి చూడవలెను. గుండ్రని చిన్న గాజుగిన్నె చేపకు ఇల్లు కాదు. రెండు నిమిషములలో తినగలిగినంత మేతయే వేయవలెను.

ఎంత శ్రమపడినను ఒక్కొక్కప్పుడు చేప దక్కదు. అంతమాత్రమున చేసిన సేవ వ్యర్థము కాదు. బ్రదికియున్న జబ్బుచేపను మాత్రము ఏటిలోనో చెఱువులోనో వదలరాదు. దాని జబ్బు అచటి చేపలకు అంటవచ్చును. ఆవు అంబా యని పిలుచును. కుక్క కుయ్యిమని మూలుగును. చేపకు ఆ నోరును లేదు. దాని బాధను నీటిని చూచియే తెలిసికొనవలెను. ప్రాణిని ఇంటికి తెచ్చినవాడు అది బ్రదుకు నీటిని కూడ తన పోషణలోనికి తెచ్చుకొన్నట్లే.

ప్రశ్నలు

1. తేటగా ఉన్న నీరు కూడ చేపకు ఎట్లు విషమగును?
2. తొట్టిని సబ్బుతో కడుగుటవలన కలుగు నష్టమేమి?
3. తెల్లమచ్చలు మాయమైన పిదపను మందు ఏల వాడవలెను?
4. మీ ఇంటనున్న ఒక ప్రాణి తన బాధను ఎట్లు తెలుపుచున్నదో గమనించి పది వాక్యములలో వ్రాయుడు.