సూది ఎక్కడ లేస్తున్నదో చూడు

వనపర్తి

అల్లుడూ,

పాత అంబాసిడర్ కొన్నావని, బీచుపల్లి వంతెన చేరకముందే బానెట్ కింద ఆవిర్లు లేస్తున్నాయని అక్క ఫోన్‌లో చెప్పింది. మెకానిక్ కొత్త రేడియేటర్ వేయిద్దామన్నాడట. ఆగు. ఏ రోడ్డు మీద, ఎంత వేగంలో టెంపరేచర్ మీటర్ సూది పైకి లేస్తున్నదో తేలకుండా జేబులో చేయి పెట్టకు.

గద్వాల బజారులో, ఎర్రవల్లి చౌరస్తాలో నిలబడ్డప్పుడు వేడెక్కి, హైవే మీద అరవైలో పోతుంటే చల్లబడుతుందా? అయితే గాలి చాలడం లేదు. ఆగిన బండికి ఫ్యాన్ ఒక్కటే దిక్కు. బెల్టు వదులైందేమో చూడు. పాత ఓనరు షోకులు కూడా తక్కువేం కావు. గ్రిల్లు ముందు లైట్ల వరస, పెద్ద హారన్లు, తర్వాత బిగించిన ఏసీ కండెన్సర్, అన్నీ గాలికి అడ్డమే. లైట్లు, హారన్లు పక్కకు జరిపించు. రేడియేటర్ రెక్కల్లో ఇరుక్కున్న పురుగులూ వడ్ల పొట్టూ పోయేలా ఇంజను వైపు నుంచి నీళ్లు కొట్టు.

అట్లా కాక ఎనభైలో పోతున్నప్పుడే వేడెక్కితే నీళ్లు తిరగడం లేదన్నమాట. రేడియేటర్ కింది గొట్టాన్ని చూడు. పంపు నీళ్లు లాగేది అందులోంచే. రబ్బరు మెత్తబడి, లోపలి స్ప్రింగు తుప్పుపట్టిపోతే, రేజ్ చేసినప్పుడు గొట్టం లోపలికి నొక్కుకుపోతుంది. బండి ఆపి బానెట్ ఎత్తేసరికి మళ్లీ మామూలుగా ఉంటుంది. అందుకే షెడ్డులో ఎవరికీ దొరకదు. ఒకరిని యాక్సిలరేటర్ తొక్కమని, నువ్వు దాన్నే చూస్తూ నిలబడు.

అచ్చంపేట దాటి శ్రీశైలం దారిలో మన్ననూరు ఘాట్ ఎక్కేటప్పుడు మాత్రమే ఉడికితే, నా అనుమానం మన బోరునీళ్ల మీద. ఏళ్ల తరబడి పోసిన ఉప్పునీళ్ల సున్నం ట్యూబుల్లో పేరుకుంటుంది. ఇంజను ఆపి, ఫ్యాన్ నిలిచాక, రేడియేటర్ మీద అక్కడక్కడా చేయి ఆనించి చూడు. మిగతా అంతా కాలుతూ ఒక్కచోట చల్లగా తగిలితే అక్కడ మూసుకుపోయినట్టు. పాత ఇత్తడి రేడియేటర్‌ను పాతసామాన్లకు వేయకు. పై ట్యాంకు టంకం విప్పి, ట్యూబుల్లో సన్నని కడ్డీలు ఆడించి శుభ్రం చేసేవాళ్లు ఇంకా ఉన్నారు. తర్వాత బోరునీళ్లు పోయకు, కూలెంటే పోయి. డిస్ట్రిబ్యూటర్ పాయింట్లు మార్చినప్పుడు ఇగ్నిషన్ టైమింగ్ వెనక్కి జరిగినా ఘాట్‌లో ఇట్లాగే ఉడుకుతుంది, అదీ చూపించు.

ఒక మాట ఒప్పుకోవాలి, తప్పంతా బండిది కాదు. ఇది ఇంగ్లండులో పుట్టిన మోరిస్ ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన కారు. అక్కడి 20 డిగ్రీల గాలికీ 90 డిగ్రీల నీళ్లకీ 70 డిగ్రీల తేడా. మన మే నెల 43లో ఆ తేడా 47కు పడిపోతుంది. అదే రేడియేటర్ ఇక్కడ మూడింట రెండు వంతుల పనే చేయగలదు. కాబట్టి అక్కడ చెల్లిపోయే చిన్న లోపం కూడా ఇక్కడ బయటపడుతుంది.

అన్నిటికన్నా చవకైనది రేడియేటర్ మూత. 7 పౌండ్ల ఒత్తిడి పట్టే మూత ఉంటే నీళ్లు దాదాపు 111 డిగ్రీల దాకా మరగవు. దాని రబ్బరు ఎండిపోతే వందకే పొంగుతాయి. ముందు అది మార్చు. థర్మోస్టాట్ పీకేద్దామని ఎవరన్నా అంటే ఒప్పుకోకు. అది నిజంగా పట్టేసిందో లేదో వేడినీళ్లలో వేస్తే తెలిసిపోతుంది, తెరుచుకుంటే దాని జోలికి పోవద్దు.

ఇంజను చల్లగా ఉన్నప్పుడే మూత తీసి, స్టార్ట్ చేసి చూసినప్పుడు బుడగలు ఆగకుండా వస్తుంటే మాత్రం హెడ్ గాస్కెట్ పోయినట్టే. అప్పుడు శ్రీశైలం ప్రయాణం పెట్టుకోకు.

ఈ ఆదివారం గద్వాల నుంచి పెబ్బేరు దాకా నడిపి, సూది ఎక్కడ ఎంత లేచిందో కాగితం మీద రాసి పంపు. కాలుతున్న ఇంజను మీద మూత తిప్పకు. పైలం.

ఇట్లు,
నీ మామ