చలిసీమ తెల్లద్రాక్ష – రకముల మేళవింపు



వేరుసెనగ చేనిలో కంది సాళ్లు వేయుట మీరెరిగిన పద్ధతియే. వానలు తప్పి ఒక పైరు దెబ్బతిన్నను, రెండవది కొంతయినను చేతికి వచ్చును. ఫ్రాన్సు దేశపు తూర్పు అంచున ఆల్సాస్ అను సీమ కలదు. అచ్చటి చిన్న ద్రాక్ష రైతులలో చాలమంది ఇట్టి ఆలోచనతోనే పలు తెల్లద్రాక్ష రకములు పెంచి, వాటి వైనులను కలిపి అమ్ముదురు. ఆ పని ఎట్లు సాగునో, అందు మనకు పనికివచ్చునది ఏదో తెలిసికొందము.

శీతోష్ణస్థితి

ఆల్సాస్‌కు పడమట వోజ్ కొండలు, తూర్పున రైన్ నది ఉన్నవి. కొండలు వానమబ్బులను అడ్డగించుటచే కోల్మార్ పట్టణ ప్రాంతమున ఏటా సుమారు 600 మి.మీ. వర్షమే కురియును. పడమటి కనుమల చాటున ఉన్న మన అనంతపురం సీమ కూడ ఇట్టి వానచాటు ప్రాంతమే. అయితే అచ్చట ద్రాక్ష పండు కాలమున రాత్రులు చల్లగా నుండును. అందుచే కాయలోని పులుపు త్వరగా తరిగిపోదు, సువాసన నిలుచును.

ఈ చలియే ఒక్కొక్కప్పుడు శత్రువగును. 2017 ఏప్రిల్‌లో గడ్డకట్టు మంచు కురిసి లేత చిగుళ్లు మాడిపోయెను. గెవుర్జ్‌ట్రామినర్ రకము ముందుగా చిగిర్చును గనుక దానికి ముప్పు ఎక్కువ. రీస్లింగ్ ఆలస్యముగా చిగిర్చి, ఆలస్యముగా పండును. ఒకే రకమును నమ్ముకొన్న రైతు ఒక్క రాత్రిలో ఏడాది కష్టమును పోగొట్టుకొనవచ్చును.

కలుపు విధానము

పలు రకముల మేళవింపును అచ్చట ఎడెల్‌జ్విక్కర్ అందురు. ఏ రకము ఎంత పాలు ఉండవలెనను నియమము దీనికి లేదు. జాంతి అను మేళవింపునకు మాత్రము కట్టుబాటు కలదు. రీస్లింగ్, మస్కట్, పినో గ్రి, గెవుర్జ్‌ట్రామినర్‌లలో ఒకటిగాని, కొన్నిగాని కలిసి కనీసము సగము ఉండవలెను. ప్రతి రకమును విడిగా పులియబెట్టిన పిమ్మటనే కలుపవలెను.

ఒక లెక్క చూడుడు. లీటరుకు 8 గ్రాముల ఆమ్లమున్న రీస్లింగ్ 60 లీటర్లు, 5 గ్రాములున్న గెవుర్జ్‌ట్రామినర్ 40 లీటర్లు కలిపితిమనుకొనుడు. మొత్తము ఆమ్లము 480, 200 కలిసి 680 గ్రాములు. అనగా లీటరుకు 6.8 గ్రాములు. మొదటిదాని పులుపు, రెండవదాని సువాసన ఒకదానికొకటి తోడగును. ముందుగా చిన్న గాజుపాత్రలలో కలిపి, రుచి చూచి, ఆ తరువాతనే పెద్ద తొట్లలో కలుపుదురు.

పాడైన వైనును మంచిదానిలో కలిపి దాచవచ్చునని తలచరాదు. పులిసి వెనిగర్‌గా మారుచున్నది కొంచెము చేరినను తొట్టి అంతయు చెడును.

భూమి సంరక్షణ

శ్రద్ధగల రైతులు సాలు విడిచి సాలున గడ్డి పెరుగనిత్తురు. వాలు నేలలపై మట్టి కొట్టుకొనిపోదు. వర్షము తగ్గిన ఏడు గడ్డి నీటికి పోటీపడును గనుక దానిని కోసివేయుదురు. రసము తీసిన పిప్పిని కంపోస్టుగా మార్చి తోటకే చేర్చుదురు. బూజు తెగులుకు బోర్డో మిశ్రమము చల్లుదురు. అయితే ఐరోపా సమాఖ్యలో 2019 నుండి రాగి వాడకము 7 ఏండ్లలో హెక్టారుకు 28 కిలోలు మించరాదు. అనగా సగటున ఏటా ఎకరమునకు సుమారు 1.6 కిలోలు. రాగి నేలలో పేరుకొనిపోయి వానపాములకు కీడు చేయుటయే ఇందుకు కారణము.

మనకు పనికివచ్చునది

రీస్లింగ్‌ను తెచ్చి మన ఎండలో నాటుడని దీని భావము కాదు. మన అనాబ్-ఎ-షాహి తినుటకు తగిన పండు. వైను తయారీకి ప్రభుత్వ అనుమతి కూడ కావలెను. అయితే ఏ తోటలోనైనను ఈ మూడు సంగతులు మరువకుడు:

1. చిగురు, కోత వేర్వేరు కాలములలో వచ్చు రకములను ఎన్నుకొనుడు.

2. ప్రతి రకమును విడిగా కోసి, విడిగా తూచి, లెక్క వ్రాసి ఉంచుడు.

3. తోటనుండి తీసినదానిలో అమ్ముడుపోనిదంతయు తిరిగి తోటకే చేర్చుడు.