పట్టుపురుగులు మేపే ఇంట్లో టమోటా నారు నాటాలంటే

టమోటా రేటు కొంచెం లేచిందంటే చాలు, కోలారు, చింతామణి, శిడ్లఘట్ట వైపు మన రేష్మె రైతులందరికీ ఒకటే ఆలోచన. తోట పక్కన అరెకరం ఖాళీగా ఉంది కదా, హైబ్రిడ్ నారు తెచ్చి పెడదామా అని. 2023 జూలైలో కోలారు మార్కెట్లో 15 కిలోల బాక్సు రెండు వేలు దాటినప్పుడు మేమూ అట్లే పరుగెత్తినాము. మా తోట కాపుకొచ్చేసరికి రేటు పడిపోయింది. అది సరే, టమోటాలో అది మామూలే. కానీ దాని వల్ల ఒక బ్యాచి పురుగులు కూడా పోయినాయి. అందుకని ఈసారి టమోటా నాటే పద్ధతి చెప్తాము, కానీ పురుగుల షెడ్డు వైపు నుంచి చెప్తాము.

ముందు జరిగింది చెప్పేస్తాము. మా మల్బరీకి ఆనుకొని పడమటి పక్క టమోటా పెట్టినాము. కాయతొలుచు పురుగు కనపడింది. అంగట్లో ఇచ్చిన మందు పొద్దున్నే కొట్టినాము. పడమటి గాలి ఉంది, మేము పట్టించుకోలేదు. షెడ్డులో 150 గుడ్ల పురుగులు, నాలుగో జ్వరం లేచి నాలుగో రోజు. అంటే ఎంత ఆకు వేసినా చాలని రోజులు. ఆకు చాలక గట్టు పక్క సాళ్ళు కూడా కోసి వేసినాము. సాయంత్రానికి పురుగులు మేత మానేసి తల పైకెత్తినాయి, నోట్లో నుంచి పచ్చటి నీళ్ళు కక్కినాయి. తెల్లారేసరికి కుంచించుకొని పడి ఉండాయి. బతికినవాటిని చంద్రికల మీద వేస్తే సగం కూడా సరిగ్గా గూడు కట్టలేదు. మందు మంచిదే, టమోటా పురుగును బాగా చంపింది. పట్టుపురుగు కూడా ఆ జాతిదే కదా, రెండూ రెక్కల పురుగు పిల్లలే. దాన్ని చంపేది దీన్ని వదలదు.

కాబట్టి మొదట చూడాల్సింది రకం కాదు, స్థలం. జూన్ నుంచి సెప్టెంబరు దాకా మన వైపు గాలి పడమటి నుంచి తూర్పుకు. ఆ కాలంలో టమోటా మల్బరీకి తూర్పున ఉండాల. చలికాలంలో గాలి తిరుగుతుంది, అప్పుడు పడమట ఉంటే మేలు. పక్కోళ్ళ మల్బరీ ఎక్కడుందో కూడా చూడండి. మా మందు వాళ్ళ ఆకు మీద పడినా పాపం పాపమే. నారు పెట్టే నెల ముందే టమోటా చుట్టూ రెండు మూడు సాళ్ళు మొక్కజొన్న ఒత్తుగా విత్తితే అది గోడలాగా లేస్తుంది. తెల్లదోమకు అడ్డం, మందు తుంపరలకూ కొంత అడ్డం.

మల్బరీ సాళ్ళ మధ్యలో మాత్రం టమోటా పెట్టొద్దు. మందు సంగతి ఒకటే కాదు. వేళ్ళకు గడ్డలు కట్టించే నులిపురుగు మల్బరీకీ, టమోటాకీ ఒకటే. వేరు పీకి చూస్తే జపమాల పూసల్లాగా బుడిపెలుంటాయి. అట్లాంటి మల్బరీ పీకేసిన చేన్లో వెంటనే టమోటా పెడితే మొక్క ఎదగదు. ముందు ఒక పంట బంతి వేసి, వేపపిండి తోలి, తర్వాత చూసుకోవాల. వంకాయ, మిరప, బంగాళాదుంప పండించిన చేను కూడా వదిలెయ్యండి.

ఇక రకం. మేము ఇప్పుడు పెట్టేది అర్క రక్షక్. బెంగళూరు పక్క హెసరఘట్టలో ఐఐహెచ్ఆర్ వాళ్ళు తీసిన హైబ్రిడ్. ఆకుముడత వైరస్సు, బాక్టీరియా ఎండు తెగులు, ముందు వచ్చే ఆకుమచ్చ తెగులు, ఈ మూడూ తట్టుకొనేటట్లు చేసినారు. కాయ గట్టిగా, ఎర్రగా, కొంచెం చదరం గుండ్రంగా ఉంటుంది. మనకు ముఖ్యం ఏమంటే తెల్లదోమకు భయపడి వారానికొకసారి మందు కొట్టే పని తగ్గుతుంది. కాయతొలుచు పురుగుకు, ఆకులో సొరంగాలు చేసే టూటాకు మాత్రం ఇది తట్టుకోదు, ఆ సంగతి ముందే తెలుసుకొని దిగండి. హైబ్రిడ్ కాబట్టి పండు నుంచి విత్తనం తీసి మళ్ళీ వేస్తే తల్లి గుణం రాదు.

నాలుగు అడుగుల సాలు, మొక్కకూ మొక్కకూ అడుగున్నర పెడితే అరెకరానికి 3,600 మొక్కలు పైచిలుకు పడతాయి. 98 గుంతల ట్రేలు 37 కావాల, చచ్చినవాటి బదులుకు మూడు ఎక్కువ తెచ్చుకోండి. నారు 25 రోజులది, నాలుగైదు ఆకులు, కాడ పొట్టిగా బలంగా ఉండాల. ఒక మొక్క ట్రేలో నుంచి పైకి లాగి చూడండి, కొబ్బరి పొట్టంతా తెల్లని వేళ్ళు పట్టుకొని ఉండాల. వేరు గోధుమరంగుకు తిరిగి చుట్టలు చుట్టుకొని ఉంటే అది ముదిరిన నారు. నర్సరీ వాళ్ళను ఏం మందు పోసినారో అడగండి, నారుకు మందు పోసే పంపుతారు చాలామంది. ఆ నారు నాటిన చేతులతో షెడ్డులోకి పోవద్దు. సబ్బుతో కడిగి, బట్టలు మార్చి పోవాల.

పొగాకు నమిలేవాళ్ళకు, బీడీ తాగేవాళ్ళకు ఇంకొక మాట. పొగాకు వాసన చేతులు పట్టుపురుగుకు విషం, టమోటాకు మొజాయిక్ వైరస్సు అంటించేదీ అవే చేతులు. మా ఇంట్లో మామయ్యకు ఈ మాట చెప్పి చెప్పి నోరు నొప్పి పుట్టింది.

కాయతొలుచుకు మందు లేకుండా చేసేది ఉంది. 16 సాళ్ళ టమోటాకు ఒక సాలు బంతి. బంతి నారు 45 రోజులది, టమోటా నారు 25 రోజులది ఒకే రోజు నాటాల. అప్పుడే రెండింటి పూత కలుస్తుంది, రెక్కల పురుగు బంతి మీద గుడ్లు పెడుతుంది. లింగాకర్షక బుట్టలు పెట్టి, పురుగు పడిన కాయలు ఏరి దూరంగా పూడ్చండి.

అంతా చేసినా ఒకసారైనా మందు అవసరం పడొచ్చు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు, జైవిక మందు కదా, ఏమీ కాదు అంటారు. బీటీ పొడి నేరుగా పట్టుపురుగును చంపుతుంది. బవేరియా అయితే ఇంకా మోసం. పురుగు తెల్లగా గట్టిపడి చచ్చే సున్నపుకట్టు రోగం తెచ్చే బూజే అది, డబ్బాలో పెట్టి అమ్ముతారు. వేపనూనె పడిన ఆకు కూడా పురుగుకు పెట్టొద్దు. క్లోరాంట్రానిలిప్రోల్ ఉన్న మందులు టమోటాకు ఎంత బాగా పని చేసినా మన ఊర్లకు వద్దు, ఆకు మీద వారాల తరబడి నిలుస్తాయి, చిటికెడు పడినా పురుగు తట్టుకోదు. కాయతొలుచుకే పనిచేసే ఎన్‌పీవీ ద్రావణం దొరికితే అది మేలు, సాయంత్రం పూట కొట్టాల.

మందు కొట్టే రోజు షెడ్డులో పురుగులు లేకుండా చూసుకోండి. నాటిన నెల దాటితే పూత, కాయ మొదలు, పురుగు వచ్చేది అప్పుడే. చాకీ ఎప్పుడు దించుకోవాలో ఆ లెక్కతో చెప్పి పెట్టుకోండి. మల్బరీకి వాడే డ్రమ్ము, పంపు, పైపు వేరు, టమోటాకు వేరు. మేము టమోటా డ్రమ్ముకు ఎర్ర రంగు పూసినాము, చదవను రాని కూలీవాళ్ళకు కూడా తెలిసిపోతుంది.

గట్టు పక్క ఆకు మీద అనుమానం ఉంటే కోసి మొత్తం తట్టలకు వెయ్యొద్దు. ఇరవై పురుగులు వేరే తట్టలో పెట్టి ఆ ఆకు వేసి రెండు రోజులు చూడండి. మేత తగ్గినా, తల ఎత్తినా, కక్కినా ఆ సాళ్ళు కత్తిరించి పారేసి కొత్త చిగురు రానియ్యండి. ఆ ఆకు ఆవులకు కూడా వెయ్యొద్దు.