ల్యాబ్ మాంసం ఉద్యోగానికి దగ్గరి దారి టీకాల ప్లాంటు

అమెరికాలో అప్‌సైడ్ ఫుడ్స్ స్థాపకుల్లో ఒకరైన గుండె వైద్యుడు ఉమా వలేటి మన విజయవాడవారు. ఆ సంస్థ కణాల నుంచి పెంచిన కోడిమాంసం అమ్మకానికి అక్కడి వ్యవసాయ శాఖ 2023 జూన్‌లో అనుమతి ఇచ్చింది. గన్నవరంలో బీవీఎస్సీ, బెజవాడ కాలేజీల్లో బయోటెక్నాలజీ చదివే పిల్లలకు ఇలాంటి వార్తలు ఆశ పుట్టిస్తాయి. అయితే ల్యాబ్ మాంసం పేరుతో మన దగ్గర దొరికే పోస్టులు బహు తక్కువ. వాటి కోసం ఎదురుచూస్తూ కూర్చోకండి. ఆ పని నేర్పే ఉద్యోగాలు వేరేచోట ఉన్నాయి.

ముందు పనేమిటో తెలుసుకోండి. కోడి కండరం నుంచి తీసిన మామూలు కణం కొన్ని విడతలు విభజన చెంది ఆగిపోతుంది. ఆగకుండా పెరిగే కణాలను ఎంచుకోవాలి, లేదా జన్యుమార్పుతో తయారుచేయాలి. అవి గిన్నె అడుగుకు అంటుకునే పెరుగుతాయి. పెద్ద ట్యాంకులో పెరగాలంటే ద్రవంలో తేలుతూ బతకడం అలవాటు చేయాలి. కణాలు పెరిగే పోషక ద్రవంలో (మీడియంలో) కలిపే, దూడ పిండం రక్తం నుంచి తీసే సీరం ఖరీదెక్కువ, పైగా జంతువును చంపకుండా మాంసం తేవాలన్న ఉద్దేశానికే విరుద్ధం. దాన్ని మెల్లమెల్లగా తగ్గిస్తూ కణాలకు ఆ అలవాటు మాన్పించాలి.

టీకాల పరిశ్రమకు ఈ విద్య కొత్త కాదు. గాలికుంటు టీకా కోసం బీహెచ్‌కే-21 కణాలను ట్యాంకుల్లో తేలుతూనే పెంచుతారు. ఆ టీకా తయారుచేసే ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ హైదరాబాద్‌లోనే ఉంది. వెరో కణాలతో కోవాగ్జిన్ చేసిన భారత్ బయోటెక్ జీనోమ్ వ్యాలీలో ఉంది. పరిశోధన వైపు వెళ్లాలనుకుంటే, ల్యాబ్ మాంసంపై కలిసి పనిచేసిన హైదరాబాద్‌లోని సీసీఎంబీ, చెంగిచెర్లలోని జాతీయ మాంస పరిశోధన సంస్థల ప్రాజెక్టు ప్రకటనలు చూస్తూ ఉండండి. ఎమ్మెస్సీకి గాట్-బీ ప్రవేశ పరీక్ష రాయండి.

ఇంటర్వ్యూలో సర్టిఫికెట్ల కన్నా చేతిపనే ముఖ్యం. మీడియం ఎరుపు నుంచి పసుపుకు తిరిగితే ఆమ్లత పెరిగిందని, కణాలు కిక్కిరిశాయేమో, బాక్టీరియా చేరిందేమో చూడాలని చెప్పగలగాలి. ట్రైపాన్ బ్లూ వేశాక నీలంగా కనిపించేవి చచ్చిన కణాలు. వాటినీ మిగిలినవాటినీ లెక్కపెట్టి బతికున్నవి ఎంత శాతమో చెప్పడం రావాలి. మీడియాన్ని మసకబార్చకుండానే చొరబడే మైకోప్లాస్మాకు పరీక్ష ఎప్పుడు, ఎలా చేస్తారో తెలిసుండాలి. ఏ రోజు ఏ ఫ్లాస్కు మార్చారో తేదీ వేసి రాసుకునే అలవాటు ఇప్పుడే చేసుకోండి.

2024 ఆగస్టులో కేంద్రం ఆమోదించిన బయోఈ3 అనే బయోటెక్నాలజీ విధానంలో ల్యాబ్ మాంసం వంటి స్మార్ట్ ప్రోటీన్లకూ చోటు దక్కింది. రేపు మాంసం కంపెనీలు వచ్చినా రాకపోయినా, కణాలు పెంచడం వచ్చినవాళ్లకు టీకాల్లో, బయోలాజిక్ మందుల్లో పని ఉంటుంది. ఈ సెలవుల్లోనే కల్చర్ ల్యాబ్ ఉన్న చోట శిక్షణకు దరఖాస్తు పెట్టండి.