ఇల్లే పనిచోటైనప్పుడు

చదువవలసిన భాగములు: అపొ. కార్యములు 18:1-4, నిర్గమ. 20:8-11



క్లౌదియ చక్రవర్తి ఆజ్ఞవలన ఇటలీ విడిచిన అకుల ప్రిస్కిల్లలు కొరింథులో కాపురముండిరి. పౌలు వారియింట నుండి వారితోకూడ డేరాలు కుట్టెను. కాబట్టి ఇల్లు పనిచోటగుట నేటి వింత కాదు. నెల్లూరు తీరమున ఇంటిముంగిట వలలు బాగుచేసికొనువారు దీనిని బాగుగా నెరుగుదురు.

2020 మార్చి 25న దేశమంతట లాక్‌డౌన్ వచ్చినప్పుడు, హైదరాబాదు, చెన్నై, బెంగుళూరులలో కంప్యూటరు పనిచేయు మన పిల్లలలో అనేకులు ఇండ్లకు చేరిరి. ఆఫీసు వారి వెంటనే వచ్చెను. తరువాత కొన్ని కంపెనీలు వారిని మరల పిలిపించుకొన్నవి. కొందరు వారములో కొన్నాళ్లు ఇంకను ఇంటినుండియే పనిచేయుచున్నారు. బిడ్డలు కన్నులయెదుట నుండిరి, బాడుగ మిగిలెను; ఈ మేలును కాదనరాదు. అయితే ఫోను ఆ కాలపు అలవాటు మానలేదు. భోజనమువేళ మ్రోగును, ఆరాధనలోను మ్రోగును.

నాలుగవ ఆజ్ఞను నిదానముగా చదువుడి. కుమారుడు, కుమార్తె, దాసుడు, దాసి, పశువు, పరదేశి, వీరందరి పేరు అందులో నున్నది. అది ఇంటి పెద్దతో చెప్పబడిన మాట. విశ్రాంతి తీసికొనుమనుటయే గాదు, ఇచ్చుమనుట. కోడలు రాత్రి అమెరికా వేళకు కంప్యూటరు ముందు కూర్చుండి, తెల్లవారగానే పొయ్యిముందు నిలుచుచున్నదా? ఆమె జీతము లెక్కించు మనము ఆమె నిద్రను లెక్కించితిమా? "ఇంట్లోనే యున్నది గదా" అనుట బహు సులభము. వారమునకు 55 గంటలు, అంతకు మించియు పనిచేయుటవలన 2016లో పక్షవాతముతోను గుండెజబ్బుతోను సుమారు 7,45,000 మంది చనిపోయిరని ప్రపంచ ఆరోగ్య సంస్థ, అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో తెలిపినవి. ఇది కరోనాకు ముందటి లెక్క.

(రొయ్యల చెరువుల కావలివారి రాత్రులు వేరొక పాఠమునకు తగినవి.)

మన సముద్రమునకైతే విరామమున్నది. చేపలు గ్రుడ్లుపెట్టు కాలమని ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు 61 దినములు మరబోట్ల వేట నిషేధము. 2020లో లాక్‌డౌన్ కారణముగా దానిని మే 31తోనే ముగించిరి. 47 దినములే ఆయెను. మరుసటి యేట మరల 61 దినములు నిలిపిరి. కష్టకాలమున సడలిన నియమము ఆ విధముగా తన చోటికి వచ్చెను. ఇంటిలోని పనికి అట్టిది ఇంకను రాలేదు.

పౌలు ప్రతి విశ్రాంతిదినమున సూది ప్రక్కనబెట్టి సమాజమందిరమునకు వెళ్లుచుండెను. ఈ నెల గృహకూటములలో ఈ రెండు ప్రశ్నలు మాటలాడుకొనుడి: మీ యింట పని ఏ గంటకు మూయబడుచున్నది? ఆ గంటను నిర్ణయించువారెవరు? మొదట కోడండ్రను మాటలాడనియ్యుడి.