రౌటరు రాసే చిట్టా

రాయ్‌పూర్ స్టేషనులో బండి ఎప్పుడు వచ్చిందో, ఎప్పుడు కదిలిందో రిజిస్టరులో రాస్తారు. తర్వాత ఎవరైనా అడిగితే జ్ఞాపకం మీద జవాబు చెప్పరు, రిజిస్టరు తీస్తారు. రైల్వే కొలువుల మీద ఇక్కడికి వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాల పిల్లలకు ఇది కొత్త సంగతి కాదు. నెట్‌వర్క్‌లో రౌటరు కూడా అలాంటి స్టేషనే. తీగ ఊడినా, తిరిగి తగిలినా, ఎవరైనా సెట్టింగులు మార్చినా అది ఒక వాక్యం పలుకుతుంది. ఆ వాక్యాలను పట్టి దాచే ఏర్పాటును సిస్టమ్ మెసేజ్ లాగింగ్ అంటారు. వాడుకలో సిస్‌లాగ్. 1980లలో ఎరిక్ ఆల్మన్ సెండ్‌మెయిల్ అనే మెయిల్ ప్రోగ్రాం కోసం దీన్ని తయారుచేశారు. 2009లో వచ్చిన ఆర్‌ఎఫ్‌సి 5424 దీనికి ప్రమాణరూపం ఇచ్చింది.

సిస్కో రౌటరు పలికే ఒక వాక్యం చూద్దాం. "లింక్-3-అప్‌డౌన్: ఇంటర్‌ఫేస్ గిగాబిట్‌ఈథర్నెట్ 0/0, ఛేంజ్‌డ్ స్టేట్ టు డౌన్." మొదటి మాట, సంగతి దేని గురించో చెబుతుంది. చివరి మాట ఏం జరిగిందో చెబుతుంది. మధ్యలో ఉన్న 3 తీవ్రత. ఈ తీవ్రతలు 0 నుంచి 7 వరకు ఎనిమిది: ఎమర్జెన్సీ, అలర్ట్, క్రిటికల్, ఎర్రర్, వార్నింగ్, నోటిఫికేషన్, ఇన్ఫర్మేషనల్, డీబగ్గింగ్. మన పరీక్షల మార్కుల్లా కాదు, ఇక్కడ అంకె తగ్గేకొద్దీ ప్రమాదం పెరుగుతుంది. మొదటిసారి చదివేవాళ్ళు తడబడేది ఇక్కడే.

ఇదంతా ఎందుకంటారా? మా ల్యాబులో ఒకరోజు ఇంటర్నెట్ ఆగిపోయింది. ఆన్‌లైన్ ఫారాలు నింపాల్సిన ఆఖరి రోజది. బల్ల కింద వంగి పెన్సిల్ తీసుకుంటున్న ఎనిమిదో తరగతి తమ్ముడే తీగ లాగేశాడని అందరూ అన్నారు. వాడు కాదన్నా ఎవరూ వినలేదు. కంప్యూటర్ సార్ మాత్రం లాగ్ తెరిచారు. గిగాబిట్ 0/0 పడిపోయిన సమయం 10:14. ఆ తరగతి ల్యాబులోకి వచ్చింది 10:20కి. పైగా 0/0 అనేది బయటి లైను వచ్చే వైపు. ల్యాబు స్విచ్ తగిలించింది 0/1కి, దాని గురించి లాగ్‌లో ఒక్క మాటా లేదు. బల్ల కింద తీగ ఊడితే పోయేది ఆ ఒక్క కంప్యూటరే తప్ప 0/0 పడిపోదు. చివరికి చూస్తే, ఇంటర్నెట్ ఇచ్చేవారు పెట్టిన పెట్టెకు కరెంటు అందించే అడాప్టరు పాడైంది. ఆ మధ్యాహ్నం వాడు మాతో కూర్చుని అన్నం తిన్నాడు.

ఇక ఏర్పాటు. ఆదేశాలను ఇక్కడ పలికినట్టు రాస్తున్నాం, రౌటరు దగ్గర ఇంగ్లీషు అక్షరాలతోనే కొట్టాలి. ముందుగా "కాన్ఫిగర్ టెర్మినల్". తర్వాత "లాగింగ్ బఫర్డ్ 16384". దీంతో రౌటరు తన మెమరీలో 16384 బైట్ల చోటు కేటాయించుకుని వాక్యాలు దాస్తుంది. చోటు నిండితే పాతవి చెరిగి కొత్తవి చేరతాయి. కరెంటు పోతే అన్నీ పోతాయి. వేసవి సాయంత్రాల గాలిదుమారానికి మన ఊళ్ళో కరెంటు ఎన్నిసార్లు పోతుందో తెలిసిందే, అందుకని ఇదొక్కటే చాలదు. "లాగింగ్ హోస్ట్ 192.168.1.10" అని కొడితే ప్రతి వాక్యం ఆ చిరునామాలో ఉన్న సర్వరుకు కూడా వెళ్తుంది. ఆ సర్వరు బడి లోపలి నెట్‌వర్క్‌లోనే ఉండాలని మా అభిప్రాయం. బయట ఉంటే, బయటి లైను తెగిందన్న వార్త ఆ తెగిన లైను మీదనే వెళ్ళాలి!

సాధారణంగా ఈ వాక్యాలు యూడీపీ 514 పోర్టు మీద ప్రయాణిస్తాయి. పోస్టుకార్డు లాంటివి: చేరినట్టు రసీదు రాదు, దారిలో ఎవరైనా చదవగలరు. అందుకే బఫరు, సర్వరు రెండూ ఉంచుకోవాలి.

ఏ స్థాయి వరకు పంపాలో "లాగింగ్ ట్రాప్" చెబుతుంది. "లాగింగ్ ట్రాప్ వార్నింగ్స్" అంటే 0 నుంచి 4 వరకే వెళ్తాయి. అప్పుడు తీగ ఊడిన సంగతి తెలుస్తుంది కానీ, సెట్టింగులు ఎవరో మార్చారని చెప్పే "సిస్-5-కాన్ఫిగ్_ఐ" సర్వరుకు చేరదు. బడికి "ఇన్ఫర్మేషనల్" సరిపోతుంది. డీబగ్గింగ్ మాత్రం అవసరం పడినప్పుడే.

అన్నిటికన్నా ముఖ్యం గడియారం. సమయం తప్పయితే పై కథలో 10:14కు విలువే లేదు. "క్లాక్ టైమ్‌జోన్ ఐఎస్‌టీ 5 30", ఆ తర్వాత "సర్వీస్ టైమ్‌స్టాంప్స్ లాగ్ డేట్‌టైమ్ ఎంసెక్ లోకల్‌టైమ్" కొట్టాలి. చివరి మాట మరిచిపోతే రౌటరు యూటీసీ లెక్కన 10:14ను 04:44 అని రాస్తుంది. మన ప్రామాణిక సమయానికి ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం మన ఛత్తీస్‌గఢ్ మీదుగా దక్షిణంగా సాగి కాకినాడ దాపుకు వెళ్తుంది. రాయ్‌పూర్ దానికి కాస్త పడమరగా ఉంది, ఇక్కడ సూర్యుడు నడినెత్తికి రావడం మూడున్నర నిమిషాలు ఆలస్యం. రౌటరుకు ఆ లెక్క అక్కర్లేదు, "ఎన్‌టీపీ సర్వర్" అని ఒక చిరునామా ఇస్తే చాలు. సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల్లో ఇదీ ఉంది: ప్రభుత్వ సంస్థలు, కంపెనీలు తమ గడియారాలను ఎన్ఐసీ లేదా జాతీయ భౌతిక ప్రయోగశాల సమయంతో సరిచూసుకోవాలి, లాగులను 180 రోజులు భద్రపరచాలి.

సర్వరుకు వెళ్ళే ప్రతి వాక్యం ముందు ఒక సంఖ్య ఉంటుంది. పంపిన విభాగం అంకెను 8తో గుణించి తీవ్రతను కలిపితే వచ్చేదే అది. సిస్కో రౌటరు మామూలుగా వాడే లోకల్7 విభాగం అంకె 23. కాబట్టి మన లింక్ వాక్యానికి 23 × 8 + 3 = 187. సంఖ్య 189 వస్తే తీవ్రత ఎంతో మీరే చెప్పండి.

రౌటరు లేనివాళ్ళు సిస్కో ప్యాకెట్ ట్రేసర్‌లో ప్రయత్నించవచ్చు, అందులోని సర్వరుకు సిస్‌లాగ్ సేవ ఉంది. కొన్ని ఆదేశాలు మాత్రం అందులో దొరకవు. ఒక ఇంటర్‌ఫేస్‌ను "షట్‌డౌన్" ఆదేశంతో ఆపి చూడండి. తర్వాత "నో షట్‌డౌన్" ఇచ్చి, ఈసారి తీగనే తీసేయండి. మనిషి ఆదేశంతో ఆపినప్పుడు "లింక్-5-ఛేంజ్‌డ్" అని, చివర "అడ్మినిస్ట్రేటివ్‌లీ డౌన్" అని వస్తుంది. అసలు రౌటరు మీద తీగ ఊడితే వచ్చేది "లింక్-3-అప్‌డౌన్". కావాలని ఆపినది 5, దానంతట అది పడినది 3.