పేరుకే ఆయిల్ - సరకు వ్యానులో బ్రేకు ద్రవం



తెలుగు పాఠం చెప్పేవారికి బ్రేకులతో ఏమి పని అని మీలో కొందరు నవ్వుకోవచ్చు. కాని ఒక పదాన్ని తప్పుగా గ్రహించడం వల్ల ప్రాణాపాయం కలిగే సందర్భం ఉన్నదని మేము స్వయంగా చూచాము. ఆ పదం ‘బ్రేక్ ఆయిల్’. మన పట్టణాలలోని మెకానిక్కులు ఉర్దూలో మాట్లాడినా, తెలుగులో మాట్లాడినా ఆ ద్రవాన్ని పిలిచే పేరు ఇదే. నిజానికి అది నూనె కాదు.

1970లో ప్రకాశం జిల్లా ఏర్పడక ముందు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలోనివి. అందుచేత నల్లమల దాటి నంద్యాల వైపు సాగే రాకపోకలు మనవారికి కొత్త కావు. మార్కాపురం పలకలు, కూరగాయలు, కిరాణా సరకులు నేడు చిన్న వ్యానులలో ఈ కొండదారి గుండా పోతుంటాయి. ఆ బండ్లు నడిపేవారిలో మీ తండ్రులు, అన్నలు ఉన్నారు.

కొన్నేళ్ల క్రితం ఒక వేసవిలో మేము అటువంటి వ్యానులోనే నంద్యాల నుండి వస్తున్నాము. దిగువమెట్ట వైపు దిగుతుండగా బ్రేకు పెడల్ మెత్తబడి కిందికి పోయింది. డ్రైవరు నిబ్బరంగా గేరు తగ్గించి, హ్యాండ్ బ్రేకును మెల్లగా లాగుతూ, బండిని కొండవైపు ఆనించి ఆపారు. “నిన్ననే చూపించాను సార్, ఆయిల్ నిండుగానే ఉంది” అన్నారు. ఆయన మాట నిజమే. డబ్బా నిండుగానే ఉన్నది. లోపం పరిమాణంలో కాదు, గుణంలో ఉన్నది. ఆ ద్రవాన్ని ఏళ్ల తరబడి ఎవరూ మార్చలేదు.

దీనికి కారణమేమి? ద్రవాన్ని ఒకచోట నొక్కితే ఆ ఒత్తిడి అన్ని వైపులకూ సమానంగా వ్యాపిస్తుందని పదునేడవ శతాబ్దంలో ఫ్రెంచి శాస్త్రజ్ఞుడు పాస్కల్ నిరూపించాడు. మన పాదం నొక్కిన ఒత్తిడి మాస్టర్ సిలిండరు నుండి సన్నని గొట్టాల ద్వారా చక్రాలకు చేరేది ఈ సూత్రం మీదనే. ద్రవం నొక్కితే కుంచించుకుపోదు. ఆవిరి మాత్రం కుంచించుకుపోతుంది. గొట్టంలో ఆవిరి పుడితే పాదం శ్రమ అంతా దానిని నొక్కడానికే సరిపోతుంది, చక్రానికి ఏమీ చేరదు.

ఆవిరి పుట్టించేది కొండదారి వేడి. సరకుతో కలిపి రెండు టన్నుల బరువున్న బండి 200 మీటర్ల ఎత్తు నుండి బ్రేకుల మీదనే దిగిందనుకుందాము. అప్పుడు పుట్టే వేడి సుమారు 13 లీటర్ల నీటిని 30 డిగ్రీల నుండి మరిగే స్థితికి తేగలదు. ఆ వేడిని భరించవలసినవి బ్రేకులే.

బ్రేకు ద్రవం సాధారణంగా గ్లైకాల్ జాతికి చెందినది. గాలిలోని తేమను పీల్చుకోవడం దాని సహజ గుణం. కొత్తగా ఉన్నప్పుడు ‘డాట్ 3’ రకం కనీసం 205 డిగ్రీల వరకు, ‘డాట్ 4’ రకం 230 డిగ్రీల వరకు మరగకుండా ఉండాలి. వందకు సుమారు నాలుగు పాళ్లు తేమ చేరితే ఈ హద్దులు 140, 155 డిగ్రీలకు పడిపోవచ్చు. ‘డాట్’ అనేవి అమెరికా రవాణా శాఖ పేరులోని అక్షరాలు.

ఏ రకం పోయాలి? డబ్బా మూత మీద, బండితో ఇచ్చిన పుస్తకంలో చెప్పినదే పోయాలి. ‘డాట్ 5’, ‘డాట్ 5.1’ ఒకటి కావు. మొదటిది సిలికాన్ ద్రవం, దానిని మిగిలిన వాటితో కలుపరాదు. అన్నింటికంటె ముఖ్యంగా, పేరులో ‘ఆయిల్’ ఉన్నది కదా అని ఇంజను నూనెనో, మరే ఖనిజ నూనెనో పోయరాదు. దానివల్ల లోపలి రబ్బరు వాషర్లు ఉబ్బి చెడిపోతాయి. బ్రేకులు పట్టేయవచ్చు, పూర్తిగా పోవచ్చు.

సంరక్షణ విషయంలో ఈ క్రింది నియమాలు గుర్తుంచుకొనండి.

1. బండి పుస్తకం వేరుగా చెప్పకపోతే రెండేళ్లకొకసారి ద్రవాన్ని పూర్తిగా మార్చాలి. పైన కొంచెం కలిపితే పాతది కొత్తది కాదు.

2. మట్టం తగ్గితే పోసి ఊరుకోరాదు. బ్రేకు ప్యాడ్లు అరిగి ఉండవచ్చు, ఎక్కడో కారుతూ ఉండవచ్చు. కారణం వెదకాలి.

3. మూత తీసే ముందు దుమ్ము తుడవాలి. సీలు ఉన్న కొత్త డబ్బానే వాడాలి. చాలాకాలం క్రితం తెరచినది చవక అని పోయరాదు.

4. గాలి తీసేటప్పుడు పైడబ్బా ఖాళీ కానీయరాదు. ఒకరు పెడల్ నొక్కి పట్టుకొనగా మరొకరు చక్రం వద్ద మర వదులు చేసి, అది మళ్లీ బిగించిన తరువాతనే పాదం తీయాలి. బయటికి వచ్చిన ద్రవాన్ని తిరిగి వాడరాదు.

5. ఇది విషం. నీళ్ల సీసాలలో ఉంచరాదు, నేల మీద పారబోయరాదు. రంగు మీద పడితే వెంటనే నీటితో కడగాలి.

6. కొండ దిగేటప్పుడు తక్కువ గేరులో దిగాలి. న్యూట్రలులో దిగితే మిగిలే డీజిలు కంటె పోగొట్టుకునేది ఎక్కువ.

ఆనాటి బండి చల్లారిన తరువాత పెడల్ మళ్లీ గట్టిపడింది. “బాగైంది, పోదాం” అని తోటివారన్నారు. డ్రైవరు ఒప్పుకొనలేదు. చల్లారితే ఆవిరి మళ్లీ ద్రవమవుతుంది గాని అందులోని తేమ ఎక్కడికీ పోదు. ఆయన మెకానిక్కును పిలిపించి ద్రవం మార్పించిన తరువాతనే బండి కదిలింది. ఆ సాయంత్రం మేము ఆలస్యంగానైనా ఇంటికి చేరాము.

విద్యార్థులారా! ఈ సెలవులలో ఇంటికి పోయినప్పుడు మీ బండి బ్రేకు ద్రవం చివరిసారి ఎప్పుడు మార్చారో పెద్దలను వినయంగా అడగండి. జవాబు ఎవరికీ గుర్తు లేకపోతే, మార్చవలసిన రోజు వచ్చినదనే అర్థం.